రేకుల చర్చిలో పెద్ద సింబల్స్

నిన్న సాయంత్రం చిత్తూరులో మా ఇంటి వెనకున్న కల్యాణ మండపంలో ఆర్కెస్ట్రావాళ్ళు డ్రమ్స్ బిగించుకుంటా ఉండారు. ఎవడో సింబల్ మీద, ఆ ఇత్తడి పళ్ళెం మీద, గట్టిగా ఒకటిచ్చినాడు. మా కిటికీ అద్దం గలగలమనింది. మా ఆవిడ లేచి కిటికీ మూసేసి, "మా అన్న పోయినా ఈ సప్పుడు పోలేదు" అనింది. నవ్వుతుందేమోనని చూసినాను. నవ్వలేదు.

ఆ అన్న నాకు బావ. పూతలపట్టు దగ్గర మా అత్తగారి ఊరి చర్చిలో కీబోర్డు వాయిస్తా, పాటలవాళ్ళందరినీ నడిపేవాడు. ఆయన వెనక డ్రమ్స్ మీద నేను. మొదటినుంచీ మాకు పడలేదు. నేను పెళ్ళిళ్ళకీ జాతరలకీ వాయించి బతికినవాణ్ణి. తిరుపతిలో గంగజాతరప్పుడు నడివీధిలో వాయించాలంటే పెద్ద సింబల్, మందంగా ఉండేది కావాల. పల్చనిది ఆ గోలలో ఎవరికీ వినపడదు. నాలుగు గోడల మధ్య అయితే చిన్నది, పల్చనిది ఉండాల. తగలంగానే పలికి, వెంటనే అణిగిపోవాల. మెలొడీ పాటకి మెత్తగా పలికేది ఒకటి, చిందులేసే డప్పాంకుత్తు పాటకి కరుగ్గా మోగేది ఒకటి. ఇదేమంత పెద్ద విద్య కాదు, చెవులుంటే చాలు. మా బావ మాత్రం సింబల్స్‌ని కళ్ళతో కొనే మనిషి. చెన్నైకి పోయి, అంగట్లో అన్నిటికంటే పెద్దవీ, అన్నిటికంటే తళతళలాడేవీ తెచ్చి, ఆ చర్చి రేకుల కప్పు కింద నా ముందర బిగించినాడు.

"ఇవి మైదానంలో మోగేటివి బావా, ఈడ పనికిరావు" అన్నాను.

"నీకు కొట్టేది రాదని సెప్పు. సింబల్ మీద తోస్తావెందుకు?" అన్నాడు, అందరూ వింటా ఉండంగానే.

మా అత్త ముందు వరసలో కూర్చునేది. చెవికి మిషన్ పెట్టుకుంటేనే ఆమెకి పాట వినపడేది. ఆ పెద్ద సింబల్ మోగినప్పుడల్లా చెవి పట్టుకుని ముందుకి ఒంగిపోయేది. కొన్ని వారాలు మిషన్ తీసి ఒళ్ళో పెట్టుకుని, పక్కవాళ్ళ పెదాలు చూస్తా, ఒక చరణం వెనకబడి పాడింది. తర్వాత రావడమే మానేసింది. "వాడి బాదుడికే మాయమ్మ సర్చి మానేసింది" అని బావ ఊరంతా చెప్పినాడు. అప్పటిదాకా నాకుండింది చిరాకు. అది విన్నాక పగ పుట్టింది.

ఈస్టర్ పొద్దున అందరికంటే ముందు పోయి ఆయన సింబల్స్ ఊడదీసి, నావి పల్చనివి బిగించినాను. మా ఆవిడ అత్తని బతిమాలి తీసుకొచ్చింది. మొదటి పాటలో అత్త చెవిలో మిషన్ ఉండంగానే తలెత్తి, గొంతెత్తి, అందరితో కలిసి పాడింది. రెండో చరణంలో బావ వెనక్కి తిరిగి చూసినాడు. పాట ఆపేసినాడు. నా దగ్గరికొచ్చి, సింబల్ ఊడబెరికి, వాకిలి బయట కంకర మీదికి ఇసిరేసినాడు.

"ఈడ నా సరుకే మోగాల!" అన్నాడు.

అత్త లేచింది. మెల్లగా వచ్చి, చెవిలో మిషన్ తీసి, కొడుకు కీబోర్డు మీద పెట్టింది.

"ఇంక నీ మాట గూడా నాకు ఇనబడొద్దురా" అనేసి, కూతురి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

ఆ రోజే ఆమెని చిత్తూరికి తెచ్చుకున్నాము. కొత్త మిషన్ కొనిచ్చినాము. మా వీధి చర్చిలో, నా డ్రమ్స్‌కి పక్కనే కూర్చుని, ఓపికున్నన్నాళ్ళూ పాడింది. బావ ఆమెని చూడ్డానికి ఒక్కసారీ రాలేదు. ఆమె పోయినప్పుడు మాత్రం వచ్చి, నా మొహం చూడకుండా మట్టి వేసి వెళ్ళిపోయినాడు. తర్వాత ఆయనా పోయినాడు. మట్టి చేసే రోజు నేను సమాధుల తోట గేటు దగ్గరే నిలబడినాను. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసుకున్నాను, రాలేదు.

ఇన్నేళ్ళకి ఆయన మొహం నాకు సరిగ్గా గుర్తు రావడం లేదు; కాలం ఆ మొహాన్ని తుడిచేసింది గానీ, దాని మీద నాకుండే కోపాన్ని నా దగ్గరే వదిలేసి పోయింది.