యమున గొంతుకు దొరికిన పని

గోదావరిఖనిలో ముత్యం ఇంట్లో ఎవరూ మెల్లగా మాట్లాడేవారు కారు. ముత్యం భూగర్భ గనిలో బొగ్గుపొరకు డ్రిల్లు వేసీ వేసీ వినికిడి సగం పోగొట్టుకున్నాడు. అన్నం తినమని చెప్పాలన్నా, గ్యాసు అయిపోయిందని చెప్పాలన్నా భార్య కనకవ్వ అరవవలసిందే. వాళ్ల కూతురు యమున మాటలు నేర్చుకోవడమే ఆ స్థాయిలో నేర్చుకుంది. క్వార్టర్ల లైనుకు ఈ చివర ఆ పిల్ల పాట ఎత్తుకుంటే, ఆ చివర నల్లా దగ్గర బిందెలు పట్టుకునే ఆడవాళ్లకు మాట మాటా విడివిడిగా వినిపించేది. నైట్ షిఫ్టు చేసి వచ్చి పడుకున్నవాళ్లు మాత్రం దాన్ని కళ అనేవారు కారు.

డిగ్రీ అయ్యాక, రెండువేల ఆరులో, యమున హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయంలో సంగీత నాటకం కోర్సులో చేరింది. పాడుతూ నటించడం, వేదిక మీద నడక, లైట్ల అమరిక, తెర వెనక పని, అన్నీ అందులో నేర్పుతారు. పడమటి దేశాల ఒపేరా కూడా ఒక పేపరు. ఆ మాట ఆమె ఫోనులో తల్లికి చెప్పింది, తల్లి లైనంతా చెప్పింది. నాలుగిళ్లు దాటేసరికి ముత్యం బిడ్డ ఆపరేషన్ల చదువు చదువుతోందని ఖాయమైపోయింది. సెలవులకు ఇంటికి వస్తే పక్క క్వార్టరు లింగవ్వ వాచిన మోకాలు చూపించి, కోత లేకుండా నయమవుతుందా అని అడిగింది. యమున విషయం వివరించబోయి, సగంలో విసిగి, వేణ్ణీళ్ల కాపడం పెట్టుకోమంది. లింగవ్వకు గుణమిచ్చింది. ఇక ఆ పుకారును ఆపడం ఎవరి తరమూ కాలేదు.

ఆ కోర్సు నడిపే గురువు అనంతరామ్‌ది గోదావరిఖనికి దగ్గర్లోని మంథని. ఇస్త్రీ చెదరని లాల్చీ, ఇస్త్రీ చెదరని తెలుగు. మొదటి వారంలోనే ఆయన ఒక ఒపేరా వీడియో చూపించాడు. ఎదురుగా పెద్ద వాద్యబృందం హోరెత్తిస్తుంటే, లావుపాటి ఆవిడ మైకన్నది లేకుండా చివరి వరుస దాకా పాడింది. క్లాసులో కొందరు నవ్వారు. యమున నవ్వలేదు. గట్టిగా పాడినందుకు తిట్లకు బదులు పూలగుత్తులిచ్చే దేశాలు కూడా ఉన్నాయని ఆమెకు ఆ రోజే తెలిసింది.

అనంతరామ్ ఆమె పాట విని మురిసిపోయాడు. మాట విని దిగులుపడ్డాడు. "గొంతు దేవుడిచ్చాడమ్మా, యాస గనులిచ్చాయి. మొదటిది ఉంచుకుని రెండోది వదిలించుకుందాం" అన్నాడు.

కోర్సు సాగినంత కాలమూ వదిలిస్తూనే ఉన్నాడు. "వస్తున్న" అంటే "వస్తున్నాను" అనే దాకా కదలనిచ్చేవాడు కాడు. పళ్ల మధ్య పెన్సిలు పెట్టి పద్యాలు చదివించాడు. ఊపిరి ఛాతీలోంచి కాదు, పొట్టలోంచి తీయాలన్నాడు. యమున ఎంత శ్రద్ధగా నేర్చుకుందంటే, చివరికి కలల్లో కూడా క్రియాపదాలు పూర్తిగా పలికేది. ఒకనాడు ఆయన గది బయట నిలబడి ఉండగా, లోపల ఆయన తన తల్లి శ్యామలాదేవితో ఫోనులో మాట్లాడటం వినిపించింది. "అమ్మా, గోలీలు ఏసుకున్నవా? నేను ఐతారం వస్త. ఫికర్ చెయ్యకు." యమున తలుపు తట్టింది. "లోపలికి రా అమ్మా, తలుపు తెరిచే ఉంది" అన్నాడు గురువు, ఒక్క అక్షరం జారకుండా. ఆమెకు కోపం రాలేదు. అంత పకడ్బందీ వేషం తనకెప్పటికి అబ్బుతుందో అనుకుని గౌరవం పెరిగింది.

చదువు ముగించి ఇంటికొచ్చాక మొదట ఇబ్బంది పడింది కనకవ్వే. "ఏంది బిడ్డా, టీవీల వార్తలు చదివినట్టు మాట్లాడుతున్నవ్? నీ అసొంటోళ్లకు చాయ్ పొయ్యాల్నంటెనే భయమైతంది" అంది. సంగీత నాటకం చదివినవాళ్లు కావాలని బొగ్గు బెల్టులో ఎవరూ కబురు పెట్టలేదు. యమున ఒక ప్రైవేటు బడిలో చేరి, వార్షికోత్సవాలకు పిల్లలతో డ్యాన్సులు వేయిస్తూ కాలం గడిపింది.

ఈలోగా ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం ఊపందుకుంది. చౌరస్తాకొక వేదిక వెలిసింది. ప్రతి వేదిక మీదా పాటే, ప్రతి పాటా ఇంటి భాషలోనే. యమున పెన్సిలు కొరికి కొరికి వదిలించుకున్న మాటలన్నీ ఇప్పుడు మైకుల్లోంచి గర్వంగా వినిపించసాగాయి.

రెండువేల పదకొండులో అనంతరామ్ ఫోను చేశాడు. గని కార్మికుల కుటుంబం మీద సంగీత నాటకం రాశాడట, మొత్తం యాసలోనే. బొగ్గు బెల్టంతా తిరిగి ఆడాలట. ప్రధాన వేషం గని మీద భర్త కోసం ఎదురుచూసే ఇల్లాలిది. యమున ఆ సాయంత్రమే బస్సెక్కింది.

ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. పాట అయ్యేదాకా తలూపుతూనే ఉన్నాడు. మాటలు మొదలవగానే తల ఆగిపోయింది.

"గట్ల కాదమ్మా, సహజంగ అనాలె. పుస్తకంల నుంచి చదివినట్టున్నది" అన్నాడు. ఆయన భాష పూర్తిగా మారిపోయింది. లాల్చీ మీద గులాబీ రంగు కండువా కూడా వచ్చి చేరింది.

నాలోంచి దాన్ని తీసేసింది మీరే కదా అనబోయింది యమున. కానీ అలవాటు కొద్దీ, "ప్రయత్నిస్తాను సార్" అంది. ఆ "ప్రయత్నిస్తాను"తోనే వేషం పోయింది.

అది శ్రావణ్య అనే హైదరాబాదు అమ్మాయికి దక్కింది. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడే పిల్ల, కానీ ఏ మాటనైనా విన్నది విన్నట్టు పట్టేస్తుంది. బడికి సెలవు పెట్టిన యమునకు తెర వెనక బాధ్యతలు అప్పగించారు. దాంతోపాటు శ్రావణ్యకు యాస నేర్పే పని కూడా. యమున రోజూ కనకవ్వకు ఫోను చేసి సంభాషణలు చెప్పించుకుని, వాటిని శ్రావణ్యకు చేరవేసేది. శ్రావణ్య మంచి పిల్ల, కష్టపడేది. "అక్కా, 'జల్ది తిను' అన్నది కోపంతోనా, ప్రేమతోనా?" అని అడిగేది. తమ ఇంట్లో ఆ రెండింటికీ తేడా ఉండదని యమున జవాబు.

నాటకం గోదావరిఖనికి వచ్చేసరికి రాష్ట్రం కోసం సమ్మె నడుస్తోంది. గనులన్నీ ఆగిపోయాయి. పొద్దు గుంకే వేళ మైదానం నిండిపోయింది. కనకవ్వ, లింగవ్వ ముందు వరుసలో కూర్చున్నారు. ముత్యం మాత్రం సమ్మె శిబిరంలో వంటావార్పు దగ్గర చిక్కుకుపోయాడు. సగం నాటకం సాఫీగా సాగింది. ఇల్లాలు గని మీదికి పరుగెత్తుకొచ్చే ఘట్టంలో కరెంటు పోయింది. బొగ్గు తవ్వేవాళ్ల కథ ఆడుతుంటే, బొగ్గు తవ్వకపోవడం వల్ల చీకటైంది. గనిలో తలకు పెట్టుకునే లైట్లు తెద్దామని ఎవరో అన్నారు. సమ్మె కాబట్టి అవి ఉండే గదికి తాళం.

మోటారుసైకిళ్లున్నవాళ్లు వేదిక ముందుకు వచ్చి లైట్లు వేశారు. కింది నుంచి వెలుగు పడేసరికి శ్రావణ్య మొహం దయ్యంలా కనిపించి ముందు వరుసలో పసిపిల్ల ఏడుపు లంకించుకుంది. యమున పరుగున దిగి, బండ్లను రెండు పక్కలా ఉన్న మట్టిగుట్టల మీదికి ఎక్కించి, వెలుగు ఏటవాలుగా పడేలా నిలబెట్టించింది. మొహం మనిషి మొహమైంది. కానీ ఇంజన్ల మోతలో శ్రావణ్య పాట మూడో వరుస కూడా దాటలేదు. ఆ పిల్ల పక్క తెర వైపు జరిగి, "అక్కా, నువ్వు పాడవా" అంది.

యమున తెర చాటు నుంచే అందుకుంది. పొట్టలోంచి తీసిన ఊపిరి ఇంజన్లను దాటి, మైదానం దాటి, రోడ్డు మీద ఆగిన షేర్ ఆటోల దాకా వెళ్లింది. శ్రావణ్య పెదవులు కదుపుతూ నటించింది. కనకవ్వ పక్కనున్న లింగవ్వను అడిగింది: "గిది నా బిడ్డ గొంతు గదా. మరి తెర ఎనుక ఎందుకున్నది?"

మర్నాటి పేపరు శ్రావణ్యది గని మట్టిలో మొలిచిన గొంతు అని పొగిడింది. శ్రావణ్య కళ్లనీళ్లు పెట్టుకుని, విలేకరికి నిజం చెబుతానని బయల్దేరితే యమునే ఆపింది. అనంతరామ్ భుజం తట్టాడు. "మస్తు పాడినవ్. గానీ రెండో చరణంల 'వస్తున్నాను' అన్నవ్. 'వస్తున్న' అనాలె" అన్నాడు.

పేపరుకు తెలియకపోయినా క్వార్టర్ల జనానికి తెలుసు. వారం తిరక్కుండానే కార్మిక సంఘం నాయకుడు ఆగయ్య ఇంటికి వచ్చాడు. సమ్మె ఉపన్యాసాలకు గొంతు పూర్తిగా పోయి, గాలి మాత్రమే వస్తోంది. "చెల్లె, మైకు లేకుంట ఎట్ల పాడినవ్? ముందట గుర్తింపు సంఘం ఎన్నికలున్నయి. నాకు గొంతు గావాలె" అన్నాడు సైగలు కలిపి. యమున అతన్ని వసారాలో చాప మీద పడుకోబెట్టి, పొట్ట మీద బియ్యం మూట పెట్టి, అది పైకి లేచేలా ఊపిరి తీయమంది. కొన్నాళ్లకు ఎదుటి సంఘం నాయకుడు పోశం పెరటి గుమ్మంలోంచి వచ్చాడు. అతనికీ అదే చాప, అదే మూట. ఒకరోజు వేళలు కలిసిపోయి, గేటు మీటింగుల్లో ఒకరినొకరు దుమ్మెత్తిపోసుకునే ఆ ఇద్దరూ పొట్టల మీద బియ్యంతో పక్కపక్కన పడుకుని, కప్పు వైపు చూస్తూ ఉండిపోయారు. యమున అప్పుడు నవ్వు ఆపుకోవడానికి కూడా పొట్టలోంచే ఊపిరి తీయవలసి వచ్చింది.

ఆ తర్వాత గుడి పంతుళ్లు, టీచర్లు, చర్చిలో పాడే పిల్లలు, అందరూ రాసాగారు. యమున బడి ఉద్యోగం మానేసింది. లైనులోని పిల్లలను పోగేసి సొంతంగా ఒక చిన్న సంగీత నాటకం కూడా సిద్ధం చేసింది. పిల్లలు ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడతారు. వాళ్లను ఆమె ఎక్కడా దిద్దలేదు.

రెండువేల పద్నాలుగు జూన్‌లో రాష్ట్రం వచ్చిన రోజు సభ పెట్టారు. ఉపన్యాసాల తర్వాత పిల్లల నాటకం అన్నారు. ముందు ఆగయ్య లేచాడు. ఊపిరి పొట్టలోంచి తీశాడు. ఎంతసేపటికీ అలసట లేదు, గొంతులో జీర లేదు. అతనికి తీసిపోకూడదని పోశం అంతకన్నా లోతుగా ఊపిరి తీశాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. వేషాలు వేసుకున్న పిల్లల మొహాల మీద రంగు చెమటతో కారి మెడల్లోకి దిగింది. పోశం దిగేసరికి జనం సగం మంది వెళ్లిపోయారు, నిర్వాహకులు నాటకం ఊసెత్తకుండా గబగబా వందన సమర్పణ కానిచ్చేశారు.

"మంచిగనే నేర్పినవ్ బిడ్డా" అంది కనకవ్వ, కొంగుతో ఒక పిల్లవాడి మొహం తుడుస్తూ.

మర్నాడు పొద్దున ఆగయ్య, పోశం విడివిడిగా వచ్చి, ఎవరి ఉపన్యాసం బాగుందని అడిగారు. చివరి వరుస దాకా వినిపించిందని యమున ఇద్దరికీ ఒకే జవాబు చెప్పింది. అప్పటికి చివరి వరుసలో ఎవరూ లేరన్నది చెప్పలేదు.

పిల్లల నాటకం ఆ మరుసటి ఐతారం బడి మైదానంలో ఆడారు. ఉపన్యాసాలు ఉండవని యమున ఇంటింటికీ తిరిగి ముందే చెప్పింది. నాయకులిద్దరూ వచ్చి, చివరిదాకా కూర్చుని చూసి, చప్పట్లు కొట్టి వెళ్లారు.