చిలకల్ని తోలే చేతులు

గడ్డిలో మాగుతున్న చిన్నరసాల వాసన తగిలితే నూజివీడు మామిడితోటలో మా అత్తే గుర్తొస్తుంది. అత్తకి పుట్టుచెవుడు. చెట్ల కింద నిలబడి చేతులు తిప్పుతుండేది.

"చిలకల్ని తోలుతోందిలే," అనేది నానమ్మ.

అందరూ డబ్బాలు కొట్టి తోలతారు, డబ్బా చప్పుడు వినపడదు గనక అత్త చేతుల్తో తోలుతుందనుకున్నాను. పక్కన నిలబడి నేనూ ఊపేదాన్ని.

తర్వాత్తర్వాత అత్త వినపడనివాళ్ల హక్కుల కోసం ఆఫీసుల్లో కొట్లాడింది. మొన్న పోయింది. మైలవరం నుంచి వచ్చిన, ఆవిడలాగే వినపడని స్నేహితులు పాడె ముందు అచ్చం అలాగే చేతులు తిప్పారు.

"ఏంటండీ అది?" అని ఫోన్లో టైపు చేసి చూపించాను.

"ఆవిడ చేతి సైగల్తో కట్టిన మొదటి కవిత. ఇంట్లో ఒక్కరూ చూడలేదని బాధపడేది," అని ఒకామె టైపు చేసింది.

నేను రోజూ పక్కనే ఉన్నాను. కొమ్మల మీది చిలకల్ని చూస్తూ.