బాపు ఒప్పుకున్న తాలీం

బళ్లు ఉర్దూ నుంచి తెలుగుకు మారిన కొత్తలో, కుస్తీ నేర్చుకోవాలా, కర్రసాము నేర్చుకోవాలా అన్నది నాకు తెగలేదు. కర్రసాము చూడ్డానికి బాగుండేది. కుస్తీ పట్టేవాళ్ల భుజాలు బాగుండేవి. మా హుజూరాబాద్‌లో కుస్తీ గోదాను అందరూ తాలీం అనేవాళ్లు. ఉర్దూలో చదువుకున్న బాపుకు మాత్రం తాలీం అంటే చదువే.

“బాపూ, తాలీంల చేరాల్నా, కర్రసాముల చేరాల్నా?” అని అడిగాను.

“గదేం అడుగుడు బిడ్డా! కర్ర పట్టి బర్రెలు కాస్తవా? తాలీంలనే చేరు,” అన్నాడు మురిసిపోతూ.

మొదటిరోజే నన్ను ఎత్తి పడేశారు. ఎర్రమట్టి అంటిన వీపుతో ఇంటికొచ్చాను. బాపు నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఓనమాలు మన్నుల వేలుతోని దిద్దుతరు గదరా. నువ్వు వీపుతోని దిద్దినవా?”