నాలుగో జ్వరం లేచిన రోజు

"గది తలుపు తియ్యొద్దు. పురుగు ఇంకా జ్వరంలోనే ఉండాది" అన్నాడు.

"తియ్యన్లే, పోప్పా" అన్నాను.

నేనూ మా ఆయనా ఆఖరున అనుకున్న మాటలు ఇవే. ఇంతే రాయి పాపా. చెల్లెలి కూతురివని నీ సొంత మాటలు కలపొద్దు.

మాది బాగేపల్లి పక్క, గుట్టకు ఆనుకున్న చిన్న ఊరు. బస్సులు తిరిగే రోడ్డు కింద, ఇల్లు పైన, పట్టుపురుగుల గది ఇంకా పైన బండ మీద. మల్బరీ తోట గుట్టకు అవతల. పెరిగేలోపు పురుగు నాలుగుసార్లు ఆకు ముట్టకుండా తల ఎత్తి నిద్రపోతుంది. దాన్నే మేము జ్వరం అంటాం. నాలుగోది లేచిందంటే దాని ఆకలికి ఆగలేం. ఆ పూట ఆకు పడకపోతే పంట పోయినట్టే.

అది లేచేసరికి ఆకు ఉండాలని ఆయన తోటకు పోయాడు. ఆకు మోపు నెత్తిన పెట్టుకొని గుట్ట దిగి, ఇంటి మెట్ల దగ్గర కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు.

మరునాడు మధ్యాహ్నం మగవాళ్ళు ఆయన్ను మోసుకుపోయారు. నేను స్నానం చేసి గది కిటికీలోంచి చూశాను. పురుగు లేచింది. ఆయన తెచ్చిన మోపు, ఎవరో కప్పిన తడి గోనె కింద అలాగే ఉంది. మైల ఉన్నవాళ్ళు పురుగుల గది గడప తొక్కరాదు. ఇంకెవరినన్నా పిలుద్దామంటే ఊరంతా మా చావింటికి వచ్చినవాళ్ళే, వాళ్ళకూ మైలే.

లోపలికి పోయి ఆకు వేయసాగాను. ఆడబిడ్డ వాకిట్లోంచి చూసింది.

"ఏం వదినా, మైలలో లోపలికి పోయినావా? పురుగంతా పాలరోగం తగిలి, ఒళ్ళు పగిలి పాలు కారి సస్తాది!"

"ఆకు లేకున్నా సస్తాదమ్మా. ఆ గంప ఇట్లియ్యి."

"కంట్లో సుక్క రాలేదు గానీ, సేతికి మాత్రం పని కావల్ల నీకు!"

తిడుతూనే గంప ఇచ్చింది, గడప మాత్రం దాటలేదు.

పురుగుల తట్ట తర్వాత తట్టకు ఆకు వేసుకుంటూ పోయాను. కాడలు ఇంకా పచ్చిగా ఉన్నాయి. ఆయన కోసినవే కదా అనుకున్నాను, అంతే. లోపల ఏమీ కదలలేదు. చేతులకు జిగురు అంటితే కడుక్కున్నాను.

పురుగు చావలేదు. పండి గూళ్ళు కట్టింది. మరిది చింతామణి మార్కెట్టుకు వేసుకుపోయాడు. గూడు గట్టిగా ఉందన్నారంట. అయినా కుళాయి దగ్గర ఇప్పటికీ నా వెనక అంటారు, "మొగుణ్ణి పంపిచ్చి పురుగుల్ని సాక్కునింది" అని. ఆ మాటకే ఇది రాయిస్తున్నాను. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. ఆయన పెంచిన పురుగును పస్తు పెట్టలేదు, అంతే చెప్పాలి.

ఏంది, పెన్ను ఆపి కండ్లు తుడుచుకుంటాండావు? నేను ఏడ్చినట్టు గానీ రాసినావా యాడన్నా? మొదటినుంచి చదువు, వింటాను.