అక్క జిగురు

నా చిన్నప్పుడు మా నాంపల్లి వాడకట్టులో ఒక మాట పుట్టింది, పక్కింటి అక్క జిగురు నిలవదని. కుర్చీ కాలు ఊగినా, చెప్పు తెగినా “అక్క జిగురు పెట్టిన్రా ఏంది” అని నవ్వేవారు. మొన్న ఒక పెళ్లిలో మండపానికి అతికించిన బంగారు కాగితం ఊడి పడితే ఆ మాట మళ్లీ వినిపించింది. అన్నది అక్క కొడుకు. “మా అమ్మ జిగురు లెక్కనే ఉన్నది” అన్నాడు. అందరూ నవ్వారు. అక్క పోయి చాలా ఏళ్లయింది. నేను విస్తరి ముందు తల వంచుకుని కూర్చున్నాను. అది అబద్ధమని తెలిసినవాళ్లలో ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను. ఇంకా మోసే ఓపిక లేక రాస్తున్నాను.

అక్క భర్తను బావ అని పిలిచేవాణ్ణి. ఆయన ఆబిడ్స్‌లో పెళ్లి పత్రికలు అచ్చేసే దుకాణంలో పనిచేసేవాడు. పువ్వులు, నెమళ్లు, గళ్లు, తీగలు అచ్చేసిన రంగు కాగితాల్లో కత్తిరించగా మిగిలిన ముక్కలను సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేవాడు. అక్క వాటితో గోడకు పెట్టుకునే పటాలు చేసేది. మైదాపిండిని సన్నని సెగ మీద ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపేది. అంటించిన తరువాత పటం మీద తిరగలి రాయి బరువు పెట్టి, మర్నాటిదాకా ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు. “తొందరపడితే లోపల గాలి చిక్కుతది తమ్మీ” అనేది. ఆమె చేసిన పనిలో అంచు లేచిన ముక్కను నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడే, యాభై ఆరులో, మన రాష్ట్రం కొత్తగా ఏర్పడింది. బడిలో పిల్లల పనులను గోడలకు పెట్టి పెద్దలకు చూపించాలనుకున్నారు. మా సారు నాకు రాష్ట్ర పటం అప్పగించారు. నేను అక్క దగ్గరికి పరుగెత్తాను. ఆమె నా పుస్తకంలోని పటాన్ని పెద్దది చేసి మందపాటి అట్ట మీద గీసి, జిల్లాకొక కాగితం ఎంచింది. వరంగల్లుకు నెమళ్లు, సముద్రపు ఒడ్డు జిల్లాలకు అలలు, హైదరాబాదుకు గళ్లు. మహబూబ్‌నగర్‌కు మాత్రం ఆకుపచ్చ మల్లెతీగ. ఆ తీగను జిల్లా హద్దు దగ్గర ఆపలేదు. పడమటికి సాగనిచ్చి రాయచూరు కూడా చేర్చింది.

రాయచూరు అక్క పుట్టిల్లు. రాష్ట్రాలు మళ్లీ గీసినప్పుడు అది మైసూరు వైపు పోయింది.

“అక్కా, రాయచూరు మనది కాదు గద” అన్నాను.

“నాకు తెల్వదా? ఆడ మా అమ్మ ఉన్నది, ఈడ నేనున్న. గోడ మీదనన్న జర పక్కపక్కన ఉంటే సర్కారుకేం నొప్పి తమ్మీ? మీ సారుకు నేను చెప్తా తియ్యి, నువ్వు ఫికర్ చెయ్యకు.”

బడికి పట్టుకెళ్లిన రోజే ఒకడు “అరే, నీ పటానికి తోక మొలిచిందేందిరా” అన్నాడు. పిల్లలంతా తోక, తోక అని అరిచారు. అక్క వచ్చి సారుకు చెప్పేదాకా ఆగలేకపోయాను. మర్నాడు మా నాన్న గడ్డం గీసుకునే బ్లేడు తీసుకుని అందరికంటే ముందు బడికి పోయాను. హద్దు వెంట కోశాను, తీగ రెండయింది. కానీ ముక్క రాలేదు. గోరుతో లాగాను, తడిగుడ్డ అద్దాను, బ్లేడుతో గీరాను. చివరికి వచ్చింది గానీ అట్ట పైపొరను కూడా చీల్చుకుని వచ్చింది. దాన్ని నా కంపాసు పెట్టెలో దాచాను.

పటాలు చూపించే రోజున అక్క తన తల్లిని వెంట తెచ్చింది. ఆమె మొదటిసారి పట్నం వచ్చింది, చదువు లేదు. “మన ఊరును గోడకెక్కించిన, సూద్దువు రాయే” అని దారిపొడుగునా చెప్పి తెచ్చిందట.

“మనది యాడున్నదే బిడ్డా?” అని ఆమె అడిగింది.

అక్క వేలు మల్లెతీగ వెంట పడమటికి పోయి, గరుకుగా చిరిగిన అట్ట మీద ఆగింది. అక్క ఆ అట్టను ఒకసారి తడిమి నావైపు చూసింది. ఎవరూ అడగకముందే నేను “ఊడిపోయిందక్కా” అన్నాను.

సారు దగ్గరికి వచ్చి, జిగురు సరిగా పట్టలేదా అమ్మా అన్నారు.

“ఔ సారూ. నేనే పల్చగ కలిపిన” అంది అక్క.

వాళ్లమ్మ నవ్వింది. “చిన్నప్పటి సంది గంతే సారూ, ఏ పనీ నిమ్మళంగ చెయ్యది.”

అక్క తన తల్లి వేలు పట్టుకుని ఆ చిరిగిన చోట ఆనించింది. “గీడనే అమ్మా, మన ఊరు” అంది.

ఆ రోజు నుంచి మాట పాకింది. అక్క కూడా అందరితో కలిసి నవ్వేది. ఎవరికైనా పటం చేసిస్తానంటే “వద్దులే, మా గోడకు వానలల్ల నిలవది” అనేవారు. కొన్నాళ్లకు బావ సంచి తేవడం మానేశాడు. నన్ను మాత్రం ఎప్పటిలాగే పిలిచి, వండిందేదో చేతిలో పెట్టేది. నేనే చెబుతానని ఎదురు చూసిందేమో. వాళ్లు కాచిగూడకు ఇల్లు మారేదాకా నాకు నోరు రాలేదు, ఆ తరువాత అవసరం లేదనుకున్నాను.

బడికి వెల్లవేస్తూ ఆ పటాన్ని పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను. ఇప్పుడు మా ఇంట్లో ఉంది. నెమళ్లు వెలిసిపోయాయి గానీ ఒక్క అంచు లేవలేదు. రాయచూరును నేను అంటించాను. పెట్టెలో ఉండిపోయినందుకు దాని తీగ ఇంకా పచ్చగా, పక్కదానితో కలవకుండా ఉంటుంది. ప్రతి వానాకాలం ఆ ఒక్క ముక్కే ఊడి కింద పడుతుంది. మళ్లీ పిండి ఉడికిస్తాను.

ఈసారి ఊడినదాన్ని అంటించలేదు. అక్క కొడుకును ఇంటికి రమ్మన్నాను. వాడు దాన్ని తిరగేసి చూడాలి. వాళ్లమ్మ జిగురు పట్టుకున్న అట్ట పొర ఇప్పటికీ దాని వెనకే ఉంది.