ఏరెక్కని పులస

ఈ రోజు పొద్దుట నుంచి ముసురు. మాదాపూర్‌లో మేం కడుతున్న ఆఫీసు భవనం దగ్గర మేస్త్రి, "ఇగ ఇయ్యాల స్లాబు గాదు సార్" అన్నాడు. చిరాకుపడుతూ మధ్యాహ్నమే మియాపూర్ ఇంటికొచ్చాను.

ఇంట్లో మా ఆవిడ అన్నయ్య ఉన్నాడు. గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర వల వేసి బతికే మనిషి. మా సైటులో వాచ్‌మన్ పని ఇప్పిస్తానంటే, నిన్న ఐసులో పులస పెట్టుకుని వచ్చాడు. మా వైపు పులస కూర వండిన మర్నాడే తింటాం.

మొదటి ముద్దకే మా ఆవిడ తలెత్తింది. "ఇది ఏరెక్కిన చేప కాదన్నయ్యా. సముద్రంలో పట్టిందే. ఏటికి ఎదురీదితేనే కదా ఆ రుచి."

"ఎక్కితే కదే. రొయ్యల చెరువుల మురుగంతా మొగలోకే వదిలేత్తన్నారు. ఆ నీళ్లు తగిలి చేప వెనక్కెళ్లిపోతంది."

"మరి ఇంకా ఆ వల దేనికి? ఇక్కడే ఉండిపో."

"ఉందామనే వచ్చానే" అని బావ మళ్లీ లేచి వాన చూశాడు. తిన్నంతసేపూ అదే పని. "ఎగువన కూడా ఇలాగే కురిస్తే వరదొత్తాది. మొగలో మురుగంతా కడుక్కుపోద్ది. చేప ఎక్కుద్ది."

ఒకే వాన నా పని ఆపింది, అతన్ని పనిలో చేరకుండా ఆపింది. ఈ ఏడు మీలో ఎవరికైనా ఏటి పులస దొరికిందా? ఏ రేవులో దొరికిందో రాయండి, అతనికి చెబుతాను.

బావ సాయంత్రం కాకినాడ బస్సెక్కాడు.