బతు బస్తీలో నీళ్ల రోజు

బతు బస్తీ చూడడానికి ఎవరూ టికెట్ కొనుక్కుని రారు. పోర్ట్ బ్లెయిర్‌లో విమానం దిగినవాళ్లు నేరుగా జెట్టీకి పోయి, తెల్లటి ఇసుక ఉన్న దీవులకు ఓడ ఎక్కేస్తారు. నేను నాలుగేళ్ల కిందట బ్యాంకు ఉద్యోగం మీద కాకినాడ నుంచి వచ్చి, అద్దె తక్కువని ఊరి చివర ఈ బస్తీలో దిగాను. ఇప్పుడు విశాఖపట్నానికి బదిలీ అవకాశం వచ్చింది. సరేనంటే వచ్చే నెలలోనే వెళ్లి చేరాలి. వెళ్తానో ఉంటానో సోమవారం చెప్పాలి. వెళ్లడానికి కారణాలు బోలెడున్నాయి, ఉండడానికి ఒక్కటీ తోచలేదు. అందుకే ఆదివారం టూరిస్టులా సంచి తగిలించుకుని ఊరంతా తిరిగి, నేను వదులుకోలేనిది ఇక్కడ ఏమైనా ఉందేమో చూద్దామనుకున్నాను.

ఏప్రిల్ నెల కాబట్టి ఐదింటికే తెల్లవారిపోయింది. ఇంటికి తాళం వేసేటప్పుడు పక్కింటి నూకరత్నం దీదీ తలుపు కూడా మూసే ఉంది. వాళ్లది శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన కుటుంబం. భర్త వేటకు వెళ్తాడు, ఆవిడ చేపలు అమ్ముతుంది. ఆ వేళకు జెట్టీలో ఉంటుంది. ఆవిడ ఇంట్లో ఉండి ఉంటే నన్ను గుమ్మం దాటనిచ్చేది కాదని తర్వాత తెలిసింది.

బజారుకు వెళ్లే బస్సు ఆరున్నరకు దొరికింది. టికెట్ ఇరవై రూపాయల లోపే. కిటికీ పక్కన కూర్చుని అన్నీ శ్రద్ధగా చూశాను. రేకుల ఇళ్లు, కిరాణా కొట్లు, ఎండకు వాడిపోయిన కొబ్బరి చెట్లు, విమానాశ్రయం గోడ. నిజం చెప్పాలంటే మనసులో ఏమీ కదల్లేదు. సెల్యులార్ జైలు ముందు టూరిస్టులు ఫొటోలు దిగుతుంటే వాళ్ల పక్కన కాసేపు నిలబడి, ఆకలేసి ఆటోలో ఊళ్లోనే ఉన్న డిగ్నాబాద్ పేటకు వెళ్లాను. ఇక్కడ ఆటోలకు మీటరు ఉండదు, ఎక్కేముందే మాట్లాడుకోవాలి.

అక్కడ ఒకావిడ ఇంటి ముందు గదిలోనే టిఫిన్లు పెడుతుంది. బోర్డు హిందీలో ఉంది, సాంబారు మాత్రం అచ్చం మన కోస్తా సాంబారే. ఇడ్లీ తింటూ, మన ఊళ్లో అడిగినట్టే, "మీది ఏ ఊరండీ?" అన్నాను.

"డిగ్నాబాద్."

"అది కాదు, అసలు ఊరు?"

"అసలుదే చెప్పాను దీదీ. మా తాత ఆంధ్రా సైడ్ నుంచి వచ్చాడంట, నేను కభీ చూళ్లేదు. మీదేది?"

"కాకినాడ."

"కాకినాడలో ఉంటారా?"

"లేదు, బతు బస్తీలో."

"మరి బతు బస్తీ అని బోలండి!" అని నవ్వి, అడక్కుండానే ఇంకో గరిటె చట్నీ వేసింది. నాకు కొంచెం చిరాకేసింది. ఇడ్లీలు మాత్రం బాగున్నాయి.

అక్కడి నుంచి జంగ్లీఘాట్‌లో చేపల జెట్టీ చూద్దామని ఇంకో ఆటో ఎక్కాను. ఎక్కడుంటారని డ్రైవర్ అడిగితే, నాలుగేళ్లుగా బతు బస్తీలో అని చెప్పాను. అతను అద్దంలోంచి నన్ను విచిత్రంగా చూశాడు.

"బతు బస్తీయా? ఆజ్ మీకు పానీ కదా దీదీ! బయటెలా ఉన్నారు?"

"నిన్న రావాల్సింది రాలేదు. ఇంక రేపే కదా?"

"నిన్న రాకపోతే ఆజ్ వస్తాది. ఇన్నేళ్ల నుంచి ఉన్నారు, ఇదీ మాలూమ్ లేదా?"

వేసవిలో ఇక్కడ కుళాయి రోజు విడిచి రోజే వస్తుంది. వచ్చిన పూట డ్రమ్ములు నింపుకోకపోతే మళ్లీ వంతు వచ్చేదాకా గిన్నె కడగడానికి కూడా నీళ్లుండవు. నీళ్ల రోజున పెళ్లి ఉన్నా ఇంటికొకరు వెళ్లకుండా ఆగిపోతారు. నా డ్రమ్ములు అడుగంటి ఉన్నాయి. జెట్టీ మాట వదిలేసి ఆటోను ఇంటికే తిప్పించాను. రెండు వందలు తీసుకున్నాడు, బేరమాడే ఓపిక లేదు.

మా రెండిళ్లకూ కలిపి వెనకాల ఒకటే కుళాయి. నేను వెళ్లేసరికి నూకరత్నం దీదీ గొట్టం చుడుతోంది. నీళ్లు ఆగిపోయాయి.

"ఏటి మేడం, పానీ వొచ్చే దినం ఊరంతా ఘూమ్నేకి ఎల్లిపోనారా? దిమాగ్ పని చేత్తందా?"

నా డ్రమ్ములు రెండూ అంచుదాకా నిండి ఉన్నాయి. పైన గుడ్డ కూడా కట్టింది. ఆవిడ డ్రమ్ము చూస్తే సగమే ఉంది.

"దీదీ, ముందు మీది పట్టుకోవాలి కదా!"

"మీరు ఒక్కరే ఉంటారు, మీకెవరు పడతారు? ఇంతలో ప్రెషర్ పోనాది. తక్కువైతే మీకాడే తోడుకుంటాను. మీరెక్కడికి పోతారు, ఇక్కడే ఉంటారు కదా?"

ఆవిడ నా జవాబు కోసం ఆగలేదు. గొట్టం మేకుకు తగిలిస్తూనే అంది. "వొచ్చే నెల మా అమ్మాయికి రెండో పురుడు. అమ్మాయి ఉన్న డిగ్లీపూర్ పోయి నెల్లాళ్లుంటాను. మా ఆయన సముద్రం మీద ఉంటాడు. నా డ్రమ్ము మీరే పట్టాల. ఈరోజులాగ భూల్ పోవద్దు!"

"పడతాను దీదీ" అన్నాను.

అనేశాక గానీ ఏమన్నానో తెలియలేదు. అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను. పొద్దుటి నుంచి ఊరంతా తిరిగి వెతికింది మా పెరట్లో కుళాయి పక్కన దొరికిందని రాస్తే సినిమా మాటలా ఉంటుంది. కానీ జరిగింది అదే. విశాఖపట్నంలో కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి, ఎవరితోనూ పని ఉండదు. ఆ సుఖం చిన్నదేమీ కాదు, దాని మీద ఇప్పటికీ ఆశ ఉంది. అయినా నేను ఉంటానని ఇంత ధీమాగా నమ్మి తన నీళ్లు నా డ్రమ్ములో పోసిన మనిషి నాకు ఇంకెక్కడా లేదు. సాయంత్రం ఆవిడ బిందెతో వచ్చి నా డ్రమ్ములోంచి తోడుకుంది. నాకు చాలా సంతోషమేసింది.

మీరూ పోర్ట్ బ్లెయిర్ వస్తుంటే ఒక్క సలహా. వేసవిలో హోటల్లో కాకుండా ఇల్లు అద్దెకు తీసుకుని ఉండేటట్టయితే, తిరగడానికి ప్లాన్ వేసుకునే ముందు మీ సందుకు నీళ్ల రోజు ఎప్పుడో పక్కింటివాళ్లను అడగండి. వంతు తప్పితే మర్నాడు వస్తుందని గుర్తుంచుకోండి. వచ్చే నెలలో బతు బస్తీలోనే దిగితే మా సందులోకి వచ్చి నన్నే అడగండి, నీళ్ల రోజున ఇంట్లోనే ఉంటాను. రెండిళ్ల డ్రమ్ములు పట్టాలి.